సుద్దగీతకు ఇవతల

మొన్న సాయంత్రం జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కాను. మా అమ్మాయి బడి నుంచి అటే పోయింది, సంచీ ఇంట్లో మరిచిపోయింది. దాన్ని ఇచ్చి రావాలి. కిటికీ పక్కన కూర్చోగానే ఒకామె ఏడెనిమిదేళ్ళ పిల్లతో వచ్చి నా పక్కన కూలబడింది. ఆ పిల్ల కాళ్ళు ఊరికే ఉండటం లేదు. ముందు సీటుకు మడమలు తన్నిపెట్టి నడుము పైకి లేపుతుంది, దించుతుంది. తల్లి తొడ మీద ఒకటి వేసింది. పిల్ల కాసేపు ఆగి మళ్ళీ లేపింది.

నా ఒళ్ళో సంచీలోంచి తొంగిచూస్తున్న జిమ్నాస్టిక్స్ డ్రెస్సు చూసి ఆమె మాట కలిపింది.

"మీ బిడ్డ గూడ గోదాం కాడికే పోతదా? పెద్ద బ్యాచా, చిన్న బ్యాచా? మమ్ముల ఈ నెలల తేల్చుకోమంటున్నరు. ఏది మంచిదంటరు?"

నేను డ్రెస్సును సంచీలోకి తోసి జిప్పు వేశాను. ఇదే ప్రశ్న నేను, ఆ గోదాములో జిమ్నాస్టిక్స్ నేర్పించే మనిషిని వెంటపడి అడిగాను. గేటు దగ్గర అడిగాను, ఫోన్లో అడిగాను, ఆమె టీ తాగుతుంటే పక్కన నిలబడి అడిగాను. "అడిగేటోళ్లకు చెప్ప" అనేది. పోయిన వానాకాలం ఆమె చనిపోయింది. జవాబు చెప్పకుండానే పోయింది అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ.

ఆమె పేరు రాయను. బతికుండగా తన పేరు షట్టర్ మీద కూడా రాయనివ్వలేదు. "బోర్డు సూసి అచ్చేటోళ్లు బోర్డు సూసే పోతరు" అనేది. పిల్లలు అక్క అనేవాళ్ళు. తల్లులు కూడా అక్క అనేవాళ్ళు, ఆమె కంటే పెద్దవాళ్ళు సహా. నేను మేడమ్ అనేదాన్ని. అట్లా పిలిచినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసేది.

ఆమె నేర్పించే చోట్లు రెండు, ఇప్పుడు వాటిని ఆమె దగ్గర నేర్చుకుని పెద్దయినవాళ్ళు నడుపుతున్నారు. సిరిసిల్లలో సాంచాలు పీకేసిన రేకుల షెడ్డు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు నేలలో అట్లనే ఉండేవి, వాటి మీద మ్యాట్లు పరిచేది. రెండోది కోరుట్లలో, ఒకప్పటి బీడీ ఆకు గోదాం. ఎంత కడిగినా తునికాకు వాసన పోలేదు. కోరుట్లలో వారానికి మూడు సాయంత్రాలే. ఆ పిల్లలు జిల్లా పోటీల దాకా పోయేవాళ్ళు, చుట్టాల పెళ్ళిళ్ళకూ పోయేవాళ్ళు, పరీక్షలొస్తే మానేసేవాళ్ళు. సిరిసిల్లలో ఆదివారం తప్ప రోజూ, బడికి ముందొకసారి, బడి అయ్యాక ఒకసారి; ఆమె కోరుట్లలో ఉన్న సాయంత్రాలు అక్కడ పెద్ద పిల్లలే చేయించేవాళ్ళు. వాళ్ళు రాష్ట్రం పోటీల కోసం తయారయ్యేవాళ్ళు. దూరం ఊళ్ళ పిల్లలు ఆమె ఇంటి మేడ మీదనే ఉండి, అక్కడి బడిలోనే చదువుకునేవాళ్ళు. ఊరంతా పెద్ద బ్యాచ్, చిన్న బ్యాచ్ అనేది. ఆమె నోట ఆ మాట నేను వినలేదు. "కోరుట్ల", "సిరిసిల్ల", అంతే.

మా అమ్మాయిని మొదట కోరుట్ల గోదాముకు తీసుకుపోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. షట్టర్ దగ్గర నేల మీద తెల్లగా సుద్దగీత ఒకటి ఉంది. దానికి ఇవతల తల్లిదండ్రుల కోసం ఒక బెంచీ. ఆ బెంచీని లోపలికి కాదు, రోడ్డు వైపు తిప్పి సిమెంటుతో బిగించేసింది. అంటే మన పిల్ల లోపల తలకిందులుగా నిలబడితే, మనం రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను చూస్తూ కూర్చోవాలి. నేను కూర్చోలేదు. పక్కన నిలబడ్డాను.

ఆమె, పట్టు జారకుండా రాసుకునే సుద్ద మోచేతుల దాకా పూసుకుని బయటికి వచ్చింది. పొట్టి మనిషి, మెడ లేనట్టుండే భుజాలు.

"బెంచి ఖాళీ ఉన్నది, కూసో."

"ఫరవాలేదు, నిలబడ్త."

"నిలబడ్డోళ్ల మెడ లోపటికి తిరుగుతది. కూసుంటే తిరుగది. కూసో."

"నేను నిలబడే ఉంట."

ఆమె నన్ను కాళ్ళ నుంచి పైకి చూసింది. గంజి పెట్టిన చీర, నిటారుగా ఉన్న మెడ. "ఏ గడి నీది?" అన్నది.

రాయికల్ అవతల అని చెప్పాను. మా తాతలు దొరలుగా ఏలిన ఆ గడీలో ఇప్పుడు ఒక రైస్‌మిల్లువాళ్ళు వడ్లు నిల్వ పెట్టుకుంటున్నారని, నేను జగిత్యాలలో జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తానని చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"అనుకున్న. మా నాయనమ్మ గటు దిక్కు గడీలల్లకు చీరెల మూట మోసేది. దర్వాజ కాన్నే నిలబెట్టెటోళ్లట. చీరె లోపటికి పోయేది, నాయనమ్మ బయట." రెండు చేతులూ చరిచింది. సుద్ద పొగలాగా లేచింది. "గీ గీత నాది. దాటకు, దొరసాని."

ఆ మాటలో కసి ఉందా అని వెతికాను. లేదు. నవ్వు కూడా లేదు. మా ఊళ్ళో దొరసాని అన్నవాళ్ళెవరూ నువ్వు అనలేదు. నువ్వు అన్నవాళ్ళెవరూ దొరసాని అనలేదు. ఈమె రెండూ కలిపి అన్నది. వెళ్ళిపోదామనుకున్నాను. కానీ లోపల మా అమ్మాయి అప్పటికే చెప్పులు విడిచేసింది.

ఆమె మెల్లగా మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు. "సాంచాల మోతల పుట్టిన, మెల్లగ అంటే నాకే ఇనపడది" అనేది. ఉప్పు అడిగినా కొట్లాటకు వచ్చినట్టుండేది. పిల్లలను పేర్లతో పిలిచేది కాదు, ఊరి పేరుతో పిలిచేది. "ఓ వెల్గటూర్, మోకాలు కట్టెనా అది? ఓ రాయికల్, నీ కాళ్లు రెండు ఒకింటియేనా?" మా అమ్మాయి జగిత్యాల అయింది. నేనూ జగిత్యాలనే, కోపం వచ్చినప్పుడు మాత్రం దొరసానిని. శభాష్ అనే మాట ఆమె దగ్గర లేదు. ఒక పిల్ల ఏదైనా సరిగ్గా చేస్తే కాసేపు ఊరుకుని, "నీళ్లు తాగు" అనేది. అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆ మాట కోసం పిల్లలు ఎండాకాలంలో కూడా దాహాన్ని ఆపుకునేవాళ్ళు. ఒకనాడు మా అమ్మాయి ఇంటికి వచ్చి, సంచీ కూడా దించకుండా, "అమ్మా, ఇయ్యాల నన్ను నీళ్లు తాగుమన్నది" అని చెప్పింది. మా ఆయన పేపరు దించి, "అక్కడ నీళ్లు కూడా ఇస్తలేరా ఏంది?" అన్నాడు.

ఆమెలో మంచిగుణాలు రాసుకుంటూ పోతే అది ఆమె కాదు. పక్షపాతం ఉండేది. ఏడ్చే పిల్లలంటే ఇష్టం, ఏడుపును మింగే పిల్లలను ఊరికే సతాయించేది. ఎదురుగా ఉన్న టీ కొట్టాయనతో ఏదో మాట మీద చెడితే, అతని కొట్టు వదిలి బస్టాండు దాకా నడిచి పోయి తాగి వచ్చేది, వానలో కూడా. వయసు అడిగితే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పేది. బల్లి అంటే చచ్చేంత భయం. పిల్లలను వెనక్కి పల్టీ కొట్టించే మనిషి, గోడ మీద బల్లి కనిపిస్తే బెంచీ ఎక్కి, "ఓ మెట్‌పల్లి, దాన్ని పంపియ్యవే" అని అరిచేది. పిల్లలు కావాలని లేని బల్లిని చూపించేవాళ్ళు.

కోరుట్ల గోదాములో పిల్లలు నడక నేర్చుకునే బీమ్ నేలకు జానెడు ఎత్తున ఉండేది. పాత టేకు దూలం, మీద రెగ్జిన్ చుట్టి ఉంటుంది. చివర రెగ్జిన్ చిరిగిన చోట చెక్కిన పూలతీగ కనిపించేది. అట్లాంటి చెక్కడం బియ్యపు కొట్ల మీద ఉండదు. "ఇది ఏదో గడి దూలం" అన్నాను ఒకరోజు. "అయితది. కట్టెల అడితిల దొరికింది. ఏ గడిదో నేనడగలే, ఆయన చెప్పలే" అన్నది. నేను చాలా రోజులు ఆ పూలతీగను గుర్తుపట్టాలని చూశాను. మా హాలు దూలాలకు తీగలుండేవి. ఏ పువ్వో జ్ఞాపకం రాలేదు. ఆ దూలం మీద మా అమ్మాయి చేతులు చాచి నడుస్తుంటే, దాని కింద ఒకప్పుడు ఎవరు నిలబడేవాళ్ళో, ఎవరు చేతులు కట్టుకునేవాళ్ళో అని ఒక ఆలోచన వచ్చి పోయేది.

రెండో ఏడు వేసవి సెలవులు ముగుస్తుండగా ఆ ప్రశ్న వచ్చింది. కోరుట్లనా, సిరిసిల్లనా.

బెంచీ మీద తల్లులకు అదే పంచాయితీ. "పెద్ద బ్యాచ్‌ల ఏస్తే సదువు అటకెక్కుతది" అని ఒకామె. "అటకెక్కని సదువెక్కడున్నది? మా పెద్దోడు ఏ ఆట ఆడకుండనే ఫెయిలయిండు" అని ఇంకొకామె. మా ఆయనకు కోరుట్ల చాలు. "మూడు సాయంత్రాలు చాలదా? పిల్ల ఆడుకుంటది, మన దగ్గర ఉంటది. నువ్వు దాన్ని పోటీలకు పంపుతున్నవా, పోయిన ఊరు తెమ్మని పంపుతున్నవా?" అన్నాడు. ఆయన మెత్తగానే అంటాడు, గుచ్చుకునేలా అంటాడు.

నాకు సిరిసిల్ల కావాలి. ఎందుకని అడిగితే ఆ రోజు చాలా కారణాలు చెప్పేదాన్ని. క్రమశిక్షణ, అవకాశం, పిల్లకున్న ఒడుపు. అన్నీ నిజమే. వాటి వెనక ఇంకొకటి ఉంది. సగం పని మా ఇంట్లో ఎవరూ చేయలేదు. ఏ జాతరకు పోయినా మావాళ్ళకు ముందు వరుస ఉండేది. ఇప్పుడు వరుసలో ఎక్కడ నిలబడాలో తెలియని ఇల్లు మాది. ఆ పిల్ల ఎక్కడో ఒక చోట ముందు నిలబడితే చూడాలని ఉండేది. కానీ సిరిసిల్ల అంటే ఆమె ఇంటి మేడ మీద, నా కళ్ళకు దూరంగా, రోజూ. ఆ మాట తలుచుకుంటే పళ్ళెంలో అన్నం చల్లారిపోయేది. రాత్రికి సరే అనుకుంటాను, పొద్దున్నే వద్దనుకుంటాను. కాలేజీలో బోర్డు మీద జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు రాసి, పిల్లలు చెప్తే తుడిచాను.

ఆమె ఎవరినీ నేరుగా సిరిసిల్లకు తీసుకునేది కాదు. ముందు ఒక వారం రమ్మనేది. ఆ వారంలో ఆట లేదు. మ్యాట్లు మొయ్యాలి, పరచాలి, ఎత్తాలి, సుద్ద ఊడ్వాలి, మిగతా పిల్లలు చేస్తుంటే గోడకు కూర్చుని చూడాలి. బీమ్ మీద చెయ్యి వేయకూడదు. "ఏడు దినాలు ఎక్కనియ్యకపోతే తెలుస్తది. హాయిగున్నదా, ఒళ్లు మండుతున్నదా. మండేటోళ్లు నాకు. హాయిగున్నోళ్లు కోరుట్లకు." ఆ వారం తల్లిదండ్రులు రావద్దు.

మా అమ్మాయిని దింపి వచ్చి, నేను సగం వారం ఆగాను. తర్వాత కాలేజీకి సెలవు పెట్టి, వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను.

షెడ్డు ముందు కూడా అదే సుద్దగీత, రోడ్డు వైపు తిప్పిన అట్లాంటి బెంచీనే. గీతకు ఇవతల నిలబడి చూశాను. మా అమ్మాయి తల మీద మడిచిన మ్యాట్ ఉంది. దాని కంటే పెద్దది. కింద పిల్ల కనిపించడం లేదు, రెండు కాళ్ళే కనిపిస్తున్నాయి. నడుము వంగిపోయి ఉంది.

మా నాయన ఒక మాట అనేవాడు. నడుము వంచితే నెత్తిన తట్ట పెడ్తరు. నాకు మంచం ఎక్కడం రాకముందే ఆ మాట వచ్చు. ఆయన దాన్ని వేరే రోజుల్లో, వేరేవాళ్ళ నడుములు వంచిన ఇంట్లో కూర్చుని అన్నాడని నాకు తెలుసు. తెలిసినా, ఆ క్షణంలో నాకు వినిపించింది ఆయన గొంతే. చెప్పులు విడిచాను. గీత దాటాను. పోయి, పిల్ల తల మీది మ్యాట్ లాక్కున్నాను.

అరుస్తుందనుకున్నాను. షెడ్డంతా ఆగిపోయింది. ఆమె వచ్చింది, నన్నూ మ్యాట్‌నూ చూసింది.

"గట్ల ఒక్కదానివే పట్టుకుంటే నడుమ ఇరుగుతది మ్యాటు. ఆ మూల పట్టు" అన్నది.

రెండో మూల తాను పట్టుకుంది. గోడకు పేర్చిన మ్యాట్లనూ, బీమ్ కింద పరిచి ఉన్నవాటినీ ఒక్కొక్కటిగా మోసి షెడ్డు అవతలి మూలకు చేర్చాం. ఆమె వెనక్కి నడుస్తోంది, నేను ముందుకు.

"ఎన్నడన్న మోసినవా?"

"లేదు."

"కనపడ్తనే ఉన్నది. నడుము వంచకు. మోకాళ్లు వంచు."

మోకాళ్ళు వంచాను. అప్పుడే ఆమె భుజం మీదుగా చూశాను. మా అమ్మాయి పెద్ద బీమ్ మీద ఉంది.

నా ఎత్తుకు కొంచెం తక్కువ ఉంటుంది ఆ బీమ్. దాని కింది మ్యాట్ మా ఇద్దరి చేతుల్లో ఉంది. కింద నేల, బోల్టుల గుంతలు. పిల్ల చేతులు చాచి నడుస్తోంది. చివరి దాకా పోయింది, తిరిగింది, అరచేతులు కిందికి దించింది. చేతుల మీద చక్రంలా పక్కకు తిరిగే కార్ట్‌వీల్ వేయబోతోంది. పెద్ద బీమ్ మీద అది ఎన్నడూ వేయలేదు.

మ్యాట్ వదిలేశాను. నోట్లో పిల్ల పేరు వచ్చేసింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత గట్టిదో ఇప్పటికీ నా చేతికి తెలుసు.

"పిలువకు."

ఆ ఒక్కసారే ఆమె మెల్లగా మాట్లాడింది.

"కింద ఏమీ లేదు" అన్నాను.

"తెలుసు. పిలిస్తే నీ దిక్కు సూస్తది. సూస్తే పడ్తది. పిలువకు."

పిల్ల కాళ్ళు పైకి లేచాయి, తిరిగాయి, ఒకటి బీమ్ మీద పడింది, రెండోది వెతుక్కుంది. ఒళ్ళంతా ఊగింది. నిలబడింది. తర్వాత ఉత్త నేల మీదికి దూకింది, మోకాళ్ళు వంచి.

ఆమె నా చెయ్యి వదిలింది. మణికట్టు చుట్టూ తెల్లగా వేళ్ళు. తిన్నగా పిల్ల దగ్గరికి పోయింది.

"ఎవలు ఎక్కుమన్నరు?"

"ఎవ్వలనలే."

"మ్యాటు లేకుంట ఎక్కుతవా?"

"మీరు ఎక్కనిస్తలేరు గద."

ఆ సాయంత్రం దాకా దాన్ని బయట బెంచీ మీద రోడ్డు చూస్తూ కూర్చోబెట్టింది. నన్ను మాత్రం గీత దగ్గరికి పిలిచింది.

"ఆ పిల్ల సిరిసిల్ల" అన్నది. "నువ్వు కోరుట్ల."

"అంటే?"

"అంటే గదే. ఆమె దినాం ఎక్కుతది. నువ్వు దినాం ఓర్వలేవు."

"నేను రాను. చూడను. ఓర్చుకుని ఉంటాను."

"ఉండలేవు."

"మా ఇంట్ల అన్న మాట వెనక్కి తీసుకోం."

"మీ ఇంట్ల తీసుకోరేమో. మా ఇంట్ల పోగు తెగితే సాంచ ఆపి, ఎనకకు పోయి, ముడేసుకొని అస్తం. గది సిగ్గు కాదు మాకు." చేతులు దులుపుకుంది. "సరే, నీ ఇష్టం."

ఉండలేవు అన్న మాటకే పిల్లను సిరిసిల్లలో ఉంచాను. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నాతోటి ఒక మాట అడిగేది లేదా, దొరసాని?" అన్నాడు. ఆయన నన్ను అట్లా పిలవడం అదే మొదలు.

ఆ నెలలు ఎట్లా గడిచాయో చెప్పలేను. పైపోర్షన్‌లో ఎవరైనా కుర్చీ జరిపితే నా మడమలు లేచేవి. పిల్ల ఆదివారం ఫోన్ చేసేది, ఏమి తిన్నదో చెప్పేది, ఏమి చేసిందో చెప్పేది కాదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని, లేకపోతే వేసేదాన్ని కాదు. కానీ పోలేదు. మాట అన్నాను కాబట్టి పోలేదు. చివరికి ఆమే కబురు చేసింది, "ఒకసారి అచ్చి పో" అని.

పోయాను. గీత ఇవతలే ఆగాను. ఆ రోజు బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. సిరిసిల్ల రోడ్డు చూశాను. బట్ట తానులు మోసుకుపోయే మోపెడ్లు, బతుకమ్మ చీరల లోడు, ఒక మేక బెంచీ కోడు నములుతోంది. వెనక నుంచి చప్పుళ్ళు వస్తున్నాయి. కాళ్ళు పరుగెత్తడం, స్ప్రింగ్‌బోర్డు, కాసేపు ఏమీ లేకపోవడం, ధబ్ అని మ్యాట్. ఆ ఏమీ లేని కాసేపట్లో ప్రతిసారీ నా మెడ నరం లాగింది. తిప్పలేదు. వాళ్ళు మ్యాట్లు ఎత్తే చప్పుడు వచ్చేదాకా తిప్పలేదు.

ఆమె బయటికి వచ్చి నా ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. చేతిలో చెంబు ఉంది.

"నీళ్లు తాగు" అన్నది.

షట్టర్ దగ్గర పిల్లలు పకపకా నవ్వారు. నేను ఎన్నో పరీక్షలు ప్యాసయ్యాను. వాటిలో ఏదీ ఆ నీళ్ళలాగా లేదు. గటగటా తాగాను, చీర మీద పోసుకున్నాను.

మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. దాని అరచేతులు గట్టిపడ్డాయి. రోడ్డు చూస్తూనే అన్నది:

"అమ్మా, నేను కోరుట్లకు అస్త."

"ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

"లే."

"దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. మంచిగనే ఉంటది. గని కోరుట్లల మధ్యల రోజులు ఉంటుండె గద, పోని రోజులు. గప్పుడు బీమ్ యాదికొస్తుండె. ఎప్పుడు పోవాల్నా అనిపిస్తుండె. ఇక్కడ యాదికొస్తలేదు."

నేను ఆ బెంచీ మీద కూర్చోవడం నేర్చుకున్నది ఈ మాట వినడానికా అనిపించింది. నోటి దాకా వచ్చింది, మన ఇంట్లో మధ్యలో వదిలేయడం లేదని. తల ఎత్తి ఆమె వైపు చూశాను.

"నాకు మొన్ననే చెప్పింది. నువ్వే మీ అమ్మకు చెప్పుకో అన్న. గందుకే నిన్ను పిలిచిన" అన్నది.

"మీరే కదా అన్నది, పిల్ల సిరిసిల్ల అని."

"అన్న. తప్పన్న." రోడ్డు అవతలికి కూడా వినిపించేలా అన్నది. "ఒక్కనాడు కోపంల ఎక్కింది సూసి, దినాం ఎక్కుతది అనుకున్న. కోపం ఏరు, ఇష్టం ఏరు. నాకు గింతదాంక ఎరుకలే." చెంబు తిరిగి తీసుకుంది. "ఇప్పుడు నువ్వు సిరిసిల్ల అయినవ్, పిల్ల కోరుట్ల అయింది. ఏం జేద్దాం?"

ఆమె ఎవరినైనా ఏం చేద్దామని అడగడం నేను వినలేదు. ఇన్నాళ్ళూ అడిగింది నేను, చెప్పనన్నది ఆమె. ఇప్పుడు చెప్పాల్సింది నేను. ఒక్క మాట అంటే పిల్ల ఉండిపోతుంది. అది నా మాట దాటదు. ఇంకో ఏడాది ఉంటే రాష్ట్రం పోటీలు. బట్టల మోపెడ్లు పోతూనే ఉన్నాయి. మేక బెంచీ కోడు వదిలి నా కొంగు పట్టుకుంది. లాక్కున్నాను.

"ముడేసుకుందాం" అన్నాను.

ఆమె పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది. ముక్కంతా సుద్ద అయింది. "దొరసాని, మేక నీ చీరె సగం తిన్నది" అన్నది.

ఆ తర్వాత మా అమ్మాయి కోరుట్లకు వారానికి మూడు సాయంత్రాలు పోయింది, ఇప్పటికీ పోతోంది. తొమ్మిదో తరగతిలో ఉంది. జిల్లా పోటీల్లో ఒకసారి మూడో స్థానం వచ్చింది, ఇంకోసారి ఏమీ రాలేదు. రెండుసార్లూ బస్సులో పాటలు పాడుకుంటూనే వచ్చింది. నాకే కుదురు లేదు. సిరిసిల్ల పిల్లల ఫోటో జిల్లా పేజీలో వస్తే, ఆ వరుసలో ఖాళీ లేని చోట నా కళ్ళు ఒక ఖాళీ వెతుకుతాయి. ఆ రోజు పిల్ల చెప్పిన కారణం నిజమేనా, నా మొఖం చూసి చెప్పిందా అని కూడా అనుమానం. ఒకసారి అడిగేశాను, నా కోసమే వచ్చావా అని. "అమ్మా, నీకు అన్నీ నీ గురించే అనిపిస్తయి" అన్నది. మా ఆయన వంటింట్లోకి పోయి నవ్వాడు.

ఆమె పోయిన వార్త కూడా మా అమ్మాయే తెచ్చింది. మేడ మెట్ల మీద కూలబడిందట. ఇద్దరం సిరిసిల్ల పోయాం. ఆ షెడ్డులోనే పడుకోబెట్టారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పూలదండలు. రెండు కాళ్ళు కట్టెల్లాగా తిన్నగా ఉన్నాయి. చేతులు ఎవరో కడిగినట్టున్నారు, సుద్ద లేదు. ఆ చేతులను అంత శుభ్రంగా చూడటం నాకు నచ్చలేదు.

షట్టర్ దగ్గర గీత లేదు. వచ్చిన వాళ్ళ కాళ్ళకు చెరిగిపోయింది. మా అమ్మాయి చెప్పులు విడిచి తిన్నగా లోపలికి పోయింది. నేను అక్కడికి వచ్చి ఆగిపోయాను. ఎక్కడ ఆగాలో నా కాళ్ళకు తెలుసు. వెనక ఎవరో, "లోపటికి పోండ్రి, సూసి రండ్రి" అన్నారు. ఇక్కణ్ణుంచి కనబడుతోందని చెప్పాను.

కోరుట్ల బస్టాండు వచ్చింది. దిగాం. పక్క సీటామె నన్ను వదల్లేదు. "మీరు చెప్పనే లేదు. మా బిడ్డ మంచిగ చేస్తదట. పెద్ద బ్యాచ్‌ల ఏయమని మా ఆడిబిడ్డ అంటున్నది. మా ఆయన వద్దంటున్నడు. నాకు రాత్రి నిద్ర పడ్తలేదమ్మా. మీరైతే ఏం జేస్తరు?"

ఇంతలో ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది. బస్టాండు పక్కన నడుమెత్తు పిట్టగోడ ఒకటి ఉంది, అంచులు పెచ్చులూడి ఉన్నాయి. దాని మీదికి ఎక్కేసింది. చేతులు చాచింది. ఒక అడుగు, ఇంకో అడుగు.

తల్లి సంచీ కింద పడేసి, చెయ్యి చాచి, నోరు తెరిచింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, ఉలిక్కిపడి నా వైపు చూసింది.

"పిలువకండి" అన్నాను.

పిల్ల గోడ చివరిదాకా పోయింది. మమ్మల్ని చూడలేదు. అక్కడ ఆగి, మెల్లగా, ఒక కాలి మీద ఇటు తిరిగింది.